తీసేసిన చప్పుడు

దార్‌లో ఏసీ ఎప్పుడు పెట్టించామనుకున్నావమ్మాయ్, అని అడిగి ముసలి పాటగాడు బూ ఫరాజ్ లోపలికి వెళ్లిపోయాడు. నేను వచ్చి కారులో కూచున్నాను, పది నిమిషాలో పావుగంటో అయింది, ఇంకా ఆ మాట చెవిలోంచి పోలేదు. కోపంగా అన్నా బాగుండేది. నవ్వుతూ అన్నాడు. కట్టుడు పళ్లు పెట్టించుకున్నప్పటి నుంచీ ఆయన నవ్వు కొంచెం ఆలస్యంగా వస్తుంది, ముందు కళ్లు నవ్వుతాయి, తర్వాత నోరు కదులుతుంది. ఆ నవ్వు పూర్తయ్యేలోపే లోపల్నుంచి ఎవరో టీ వచ్చిందని పిలిచారు, చేతికర్ర వెతుక్కుని లేచాడు, వచ్చి చెప్తా కూచో అన్నాడు. గురువారం, సాయంత్రం అసర్ నమాజు అయిపోయి మగవాళ్లు దార్‌కి, అంటే వాళ్ల పాటల ఇంటికి, ఒక్కొక్కరే చేరుకునే వేళ. నేను లోపల కూచోకూడదని ఈ రోజుల్లో ఎవరూ అనరు, కానీ నేను కూచుంటే వాళ్లు చాచుకున్న కాళ్లు ముడుచుకుంటారు, ఒకరినొకరు తిట్టుకోవడం మానేస్తారు, ఎందుకొచ్చిన బాధ అని గోడవార కారు పెట్టుకుని, అద్దాలు ఎత్తుకుని, ఏసీ వేసుకుని కూచున్నాను. ఆగస్టు నెల, ముహర్రక్ దీవి సందుల్లో గాలికి బదులు సముద్రపు తడి నిలబడి ఉంది. అద్దానికి బయటివైపు ఆవిరి పట్టి దార్ తలుపు కనబడకుండా పోతోంది, వైపర్ వేస్తే తలుపు వస్తుంది, కాసేపటికి మళ్లీ పోతుంది, మళ్లీ వేస్తాను.

ఫోన్ వణికింది. జాసిమ్. ముసలాయన ఊఁ అన్నాడా, కార్ఖానాలో మెషీన్ ఖాళీ పెట్టుకుని నీకోసమే కూచున్నారు, పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ ఇచ్చేలోపు ఫైలు పంపు, రేపు శుక్రవారం తెరవరు. జాసిమ్ బ్యాంకులో పని చేస్తాడు, దార్ కమిటీకి కార్యదర్శి, మంచివాడే, ఏ పనైనా రేపటికి మిగిలితే జ్వరం తెచ్చుకునే రకం. వచ్చే వారం దార్ మళ్లీ తెరుస్తారు. కొత్త సున్నం, కొత్త తలుపు, తలుపు మీద ఉక్కు రేకులో కోసిన గుర్తు, అదే గుర్తు టీ కప్పుల మీద, చొక్కాల మీద, ఉత్తరాల కాగితం మీద. ముత్యాల కోసం సముద్రం మీదికి వెళ్లినవాళ్ల పాటలకి ఒక గుర్తు. వెళ్లడం మా తాతల రోజుల్లోనే అయిపోయింది, పాటలు మాత్రం వారం వారం ఈ నాలుగు గోడల మధ్య పాడుకుంటూనే ఉన్నారు. ఆ పాటని కంటికి కనబడేలా గీసిపెట్టమని నన్ను అడిగారు, ముబారక్ కూతురు కదా, రక్తంలోనే ఉంటుంది అన్నాడు జాసిమ్, నేను కూడా సిగ్గులేకుండా ఉంటుందనే అనుకున్నాను. ముసలాయన ఊఁ అన్నాడా అంటే అన్నాడు. బాగుంది అన్నాడు. ఆ ఒక్క ముక్క జాసిమ్‌కి పంపి, కింద ఫైలు పెడితే సరిపోతుంది, అబద్ధం కూడా కాదు.

పక్క సీటు మీద కాగితం ఉంది. తెల్లటి కాగితం, దాని మీద ఒకే ఒక్క గీత, పైకి లేచి, వణికి, దిగి, మళ్లీ లేస్తుంది. అది బూ ఫరాజ్ గొంతు, ముప్ఫై ఎనిమిదేళ్ల కిందటిది, ఆయన దగ్గరున్న ఏకైక క్యాసెట్‌లోంచి తీసింది. దాని కింద ఎనిమిది చుక్కలు, చప్పట్లు. ఓ పక్కన రెండు గుండ్రాలు, దరువు వేసే మట్టి కుండలు, రంగు కూడా కుండదే, నీళ్లు తాగీ తాగీ నల్లబడిన కుండ మూతి రంగు. అంతే. మిగతాదంతా ఖాళీ. మూడు నెలలు పట్టింది ఆ ఖాళీకి. మొదట్లో పడవలు గీశాను, తాళ్లు గీశాను, మొత్తం చెత్తబుట్టలోకి పోయాయి, ఆ గుర్తులు ఇప్పటికే ఇక్కడ ప్రతి హోటల్ వాడూ, ప్రతి చేపల దుకాణం వాడూ పెట్టుకున్నాడు. తర్వాత క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, గొంతు ఎక్కడ లేస్తే అక్కడ గీత లేచేలా, ఎక్కడ వణికితే అక్కడ వణికేలా రోజుకి కొంచెం గీసుకుంటూ పోయాను. కమిటీలో కుర్రాళ్లకి చూపించాను. ఒకడు ఫోన్‌లో పాట పెట్టి వేలితో గీత మీద వెళ్లాడు, సరిగ్గా సరిపోయింది, అబ్బా అన్నాడు. ఆ రోజు ఇంటికెళ్లి ఒక్కదాన్నే హల్వా తిన్నాను, డబ్బాలో సగం.

బూ ఫరాజ్ కూడా ఇందాక వేలితోనే చూశాడు, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, కాగితం ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని. ఇది నా గొంతు, తెలుస్తోంది, వయసులో ఉన్నప్పటిది, బాగుంది. ఇవి చప్పట్లు. ఇవి కుండలు. ఆ తర్వాత వేలు కాగితం కిందికి జరిపి, ఖాళీ జాగాలో పెట్టి, ఏదో పోగొట్టుకున్నట్టు అటూ ఇటూ తిప్పాడు.

"మీ నాన్నేడీ?"

నాన్న ఆ క్యాసెట్‌లో లేడు కదా బాబాయ్ అన్నాను. లేకేం, నా ఎడం పక్కన కూచున్నాడు అన్నాడు. మీ గొంతు కింద ఏసీ చప్పుడొక్కటే ఉంది, అది తీసేశాను, అన్నాను. ఎంత తేలిగ్గా అన్నాను, పని తెలిసినదానిలా, కాస్త గొప్పగా కూడా. ఆయన కళ్లు నవ్వడం మొదలుపెట్టాయి. అప్పుడే ఆ మాట అడిగాడు.

ఏసీ పెట్టించిన ఏడు నాకు తెలుసు. నేను పదో క్లాసు. క్యాసెట్ అంతకి ఏడేళ్ల ముందుది. అప్పుడు దార్‌లో ఉన్నది రెండు పంకాలు, తలుపు, కిటికీ. ఇంకో సంగతి కూడా తెలుసు, అదే ఎక్కువ సిగ్గుగా ఉంది. ఏసీ వచ్చాక కూడా పాట మొదలుపెట్టే ముందు ఎవరో ఒకరు లేచి దాన్ని ఆపేస్తారు. ఇప్పటికీ ఆపుతారు. నాన్న ఇంటికొచ్చేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేవి, అమ్మ గొణిగేది, అంత డబ్బు పోసి కొన్నది ఆపుకుని కూచోడానికా అని. దాని సుతి మా సుతికి రవ్వంత పైన ఉంటుంది, మమ్మల్ని పైకి లాగేస్తుంది, దానితో పోట్లాడుతూ పాడలేం అనేవాడు నాన్న. ఇవన్నీ తెలిసినదాన్నే. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని మూడు వారాలు వింటూ, అడుగున గుర్రుమంటున్నది ఏసీ అనుకున్నాను. ఎందుకనుకోను, పుట్టిన దగ్గర్నుంచీ ఇక్కడ ఏ గదిలో ఉన్నా, మసీదులో, ఆసుపత్రిలో, పెళ్లి పందిట్లో, చెవి అడుగున ఆ చప్పుడు ఉండనే ఉంటుంది, అది వినపడుతున్నట్టు కూడా మాకు తెలియదు, ఆగినప్పుడే తెలుస్తుంది. ఇంకెవరైనా అయితే ఇదేమిటని అడిగేవాళ్లు. నేను అడగలేదు.

క్యాసెట్ మొదట్లో నాలుగు సెకన్లు గొంతు ఉండదు, చప్పట్లు ఉండవు, ఆ గుర్రు ఒక్కటే ఉంటుంది. శుభ్రం చేసే ప్రోగ్రాంకి ఆ నాలుగు సెకన్లే చూపించాను, ఇదిగో, ఇలాంటిది ఎక్కడున్నా తీసెయ్ అని. తీసేసింది. పదకొండు నిమిషాల పాటలో మూల మూలనా వెతికి తీసేసింది. ఆ తర్వాత బూ ఫరాజ్ గొంతు ఒక్కటీ అద్దంలా నిలబడింది, నా పనికి నేనే మురిసిపోయాను. ఈ గుర్తులు గీసే వృత్తిలో నాకు పేరు వచ్చిందే తీసెయ్యడంలో. కొత్తగా చేరినవాళ్లకి నేను చెప్పే మొదటి పాఠం కూడా అదే, తీసెయ్, ఇంకా తీసెయ్, తీసేస్తే ఏం నష్టమో చెప్పలేకపోతే తీసెయ్. ఇల్లు కూడా అలాగే పెట్టుకున్నాను. సోఫా ఒకటి, బల్ల ఒకటి. హమద్‌తో కాపురం మూడేళ్లు, అతను వెళ్లిపోయేటప్పుడు తీసుకెళ్లడానికి సామాను ఏమీ కనబడక రెండు సూట్‌కేసులతోనే దిగాడు. ఇప్పుడా ఇంట్లో నేనూ, ఏసీ. జనవరిలో కిటికీ తీస్తే చలి వేసే రోజుల్లో కూడా దాన్ని ఉత్త గాలికి పెట్టుకుని పడుకుంటాను. చల్లదనానికి కాదు, చప్పుడుకి. అది లేకపోతే నిద్ర రాదు. నలభై ఆరేళ్లొచ్చాయి, పక్కన మనిషి లేడని ఏడవను, కరెంటు పోతే మాత్రం లేచి కూచుంటాను.

వైపర్ వేశాను. ఇద్దరు ముసలివాళ్లు తలుపు దగ్గర ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, నువ్వు ముందంటే నువ్వు ముందని లోపలికి పోకుండా నిలబడ్డారు, చివరికి ఇద్దరూ ఒకేసారి దూరి ఇరుక్కున్నారు. ఒకప్పుడు నలభై మంది ఉండేవారు. ఇవాళ లెక్కపెడితే తొమ్మిది జతల చెప్పులు కనబడ్డాయి. మిగతా వాళ్లు సమాధుల్లోనో, మంచాల మీదో. దార్ గోడకి తగిలించిన ఏసీ పెట్టె నా కారు మీదికే నీళ్లు కారుస్తోంది, టప్పు టప్పుమని, దాని రొద, నా కారు ఏసీ రొద కలిసి ఒకటే మోతగా ఉంది.

నాన్న పాడేవాడు కాదు. పాడేది బూ ఫరాజ్. నాన్నా, ఇంకో ముప్ఫై మందీ అడుగున పట్టేవాళ్లు, నోరు మూసుకుని, ఛాతీ లోతులోంచి, బూ ఫరాజ్ గొంతు పక్షి ఎగిరే చోట ఉంటే వీళ్లది సముద్రం అడుగున ఉండేది, పదాలు లేవు, ఒకే ఒక్క మ్‌మ్‌మ్. ముప్ఫై ఏళ్లు ప్రతి గురువారం వెళ్తున్నావు, ఒక్క పాట ముక్క ఇంట్లో పాడి ఎరగవు, అక్కడేం చేస్తావయ్యా అసలు, అని అడిగేది అమ్మ. నేల పట్టుకుంటాం అనేవాడు. నువ్వు పట్టుకోకపోతే ఎగిరిపోతుందా, అని అమ్మ. ఎగరదు, పైన పాడేవాడు పడతాడు, అని నాన్న, చేపలో ముల్లు ఏరి నా కంచంలో వేస్తూ. కొడుకులు లేరు కనక దార్‌లో అందరూ ఆయన్ని బూ బద్రియా అని పిలిచేవాళ్లు, బద్రియా తండ్రీ అని, సగం ప్రేమ, సగం వెక్కిరింత. ఆయన మాత్రం ఆ పిలుపుకి తల ఎత్తి పలికేవాడు. ఓడల మరమ్మతు యార్డులో సామాన్ల గది చూసేవాడు, అక్కడ కూడా ఆయన గొంతు ఎవరూ విని ఉండరు, మేకులు అడిగితే మేకులిస్తాడు, సంతకం చూపిస్తాడు, అంతే.

నాకు పదేళ్లప్పుడు అడిగాను, అంతసేపు ఆపకుండా మ్‌మ్ అంటే ఊపిరి ఎప్పుడు పీలుస్తావు నాన్నా అని.

"పక్కవాడు పీల్చనప్పుడు."

అదే మొత్తం విద్య అన్నాడు. నా పక్కవాడు ఊపిరికి ఆగితే వాడి చోటు నేను నిలబెడతాను, నేను ఆగితే నా చోటు వాడు నిలబెడతాడు, ఎవడు ఎప్పుడు ఆగాడో పైన పాడేవాడికి కూడా తెలియకూడదు, తెలిసిందంటే మాది తప్పు. మరి నీ గొంతు ఏదో జనానికి ఎలా తెలుస్తుంది అన్నాను. తెలిస్తే నన్ను బయటికి పంపించేస్తారు అని నవ్వాడు. అంతకు ముందు, ఇంకా చిన్నప్పుడు, ఏదో కబురు చెప్పి రమ్మని అమ్మ పంపితే దార్ లోపలికి పరిగెత్తి ఆయన ఒళ్లో ఎక్కి కూచున్నాను, పాట నడుస్తోంది, దించలేదు, చేత్తో పొదివి పట్టుకున్నాడు. నా చెంప ఆయన పక్కటెముకలకి ఆని ఉంది. చెవికి వినపడలేదు, ఎముకలోంచి నా దవడలోకి, పళ్లలోకి వచ్చింది. అలాగే నిద్రపోయాను. కబురు చెప్పనే లేదు, అమ్మ తిట్టింది.

ఆయన పోయి ఆరేళ్లు. మూడు రోజులు జనం వచ్చి వెళ్లాక ఫోన్ మొత్తం వెతికాను, ఆయన గొంతు ఎక్కడైనా ఉందేమోనని. వాయిస్ మెసేజ్ ఒక్కటి కూడా పంపి ఎరగడు, ఫోన్ చేసి తిన్నావా అని అడిగి, తిన్నానంటే పెట్టేసేవాడు. ఒక పెళ్లి వీడియో ఉంది, పదకొండు సెకన్లు, అన్నం తింటున్నాడు, పక్కన మా అత్త మాట్లాడుతోంది, ఆయన తల ఊపుతున్నాడు. అదే ఆస్తి. ఎక్కడా లేదు కదా అని మెల్లగా వెతకడం మానేశాను, వెతకడం మానేశాక మనసు కొంచెం కుదుటపడింది కూడా. ఆయన గొంతు ఉన్న పదకొండు నిమిషాలు మూడు నెలలు నా చేతుల్లో ఉంటే, ఇది మురికి అని చూపించి, తుడిపించాను. ఎవరితో చెప్పుకోను. చెప్పుకోవడానికి ఉన్న ఒక్క మనిషే లోపల టీ తాగుతున్నాడు. క్యాసెట్ కూడా మిగల్లేదు, తిరిగిచ్చిన వారానికే మనవడు వేసి వింటే టేప్‌రికార్డరు రీలు నమిలేసిందని పోయిన నెలలోనే చెప్పాడు, పర్వాలేదులే నీ దగ్గర శుభ్రంగా ఉందిగా అన్నాడు. శుభ్రంగానే ఉంది. శుభ్రం చేశాక పాత ఫైలు అవతల పారేసే అలవాటు కూడా నాదే.

జాసిమ్ మళ్లీ. ఏమయ్యావు, ఇంకో ముప్పావుగంటే ఉంది. చేస్తున్నా అని కొట్టాను. ఏం చేస్తున్నానో తెలియదు. పంపేస్తే పీడా పోతుంది. తలుపు మీద అందంగా ఉంటుంది, ఫోటోలు తీసుకుంటారు, కింద ఖాళీ జాగా చూసి ఇందులో మా వాళ్లు లేరే అని అడగగలిగేవాళ్లు తొమ్మిది మంది, వాళ్లూ ఇంకెన్నాళ్లు అడుగుతారు. నా మీద నాకే అసహ్యం వేసింది ఆ లెక్క వేసినందుకు.

టప్పు టప్పుమనడం ఆగింది. కారు మీద నీళ్లు పడటం లేదు. తల ఎత్తితే గోడ మీద పెట్టె కదలడం లేదు. లోపల ఎవరో లేచి ఏసీ ఆపారు. ఇంకా పాట మొదలవ్వలేదు, దగ్గులు, కుండలు జరుపుకుంటున్న చప్పుడు, డప్పు తోలుని వేడి చెయ్యమని ఎవరినో కసురుకోవడం. నాకేం తోచిందో, నేనూ చెయ్యి చాచి కారు ఏసీ ఆపాను. చెవులు ఒక్కసారి ఖాళీ అయిపోయాయి. ఆ ఖాళీలో గుర్తొచ్చింది. ఆ ప్రోగ్రాం తీసేసిన చప్పుడుని వెంటనే పారెయ్యదు. ఏం తీశానో చూసుకుంటావా అని చివర్లో అడుగుతుంది, పనిమంతులు ఎవరూ చూసుకోరు, నేను అస్సలు చూసుకోను, అవసరం లేదు అని నొక్కేస్తాను. నొక్కానా? లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని తెరిచాను. వేళ్లు తడిగా ఉండి ఏది నొక్కినా ఇంకోటి తెరుచుకుంటోంది. ఏప్రిల్ ఫైళ్లు, మే ఫైళ్లు. వాటిలో ఒక ఫైలు, పేరు కూడా లేదు, ప్రోగ్రాం తనంతట తాను పెట్టుకున్న అంకెలు. పదకొండు నిమిషాలు.

హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని నొక్కాను. బూ ఫరాజ్ లేడు. చప్పట్లు లేవు. కుండలు లేవు. మ్‌మ్‌మ్. ముప్ఫై మంది. ముందు నేల లాగా చదునుగా ఉంది, విన్నకొద్దీ గరుకులు తెలుస్తున్నాయి, ఒకచోట పలచన, వెంటనే దాన్ని ఎవరో నింపారు, ఇంకోచోట పలచన, నింపారు. ఎడం పక్క అన్నాడుగా, ఎడం చెవి నొక్కిపెట్టి విన్నాను, వెనక్కి తిప్పి విన్నాను, పెంచాను, ఇంకా పెంచాను. ఇదా. ఇది కాదు. ఇదేమో. అద్దాలు ఎత్తి ఉన్నాయి, ఏసీ లేదు, చెమట కనుబొమ్మల మీంచి కళ్లలోకి దిగుతోంది. నాన్న దొరకలేదు. ముప్ఫై మందిలో ఉన్నాడు, ఈ చప్పుడులోనే ఎక్కడో ఉన్నాడు, కూతురు చెవి పెట్టి వెతికినా దొరకనంత బాగా చేశాడు పని. ఏడుపొచ్చింది. ఆరేళ్లలో రానంత వచ్చింది.

గుర్తు గీసిన ఫైలు తెరిచి, అన్నిటికంటే అడుగున, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక గీత లాగాను. లావుగా, గొంతు మొదలయ్యే చోటుకి చాలా ముందే మొదలై, అది అయిపోయిన తర్వాత కూడా ఆగకుండా అంచు దాటి పోయేలా. అందం కాస్త చెడింది. తేలిపోతున్నట్టుండే గుర్తు బరువెక్కి కిందికి కూచుంది. జాసిమ్‌కి పంపాను. అర నిమిషంలో జవాబు, ఈ అడుగు గీత ఏమిటి, పొరపాటున పడిందా, తీసెయ్యమని చెప్పనా కార్ఖానా వాడికి. అది తీస్తే మిగతాది కూడా కొయ్యొద్దని చెప్పు, అని కొట్టి ఫోన్ బోర్లా పెట్టాను.

పాట మళ్లీ మొదటికి తిప్పాను. నోరు మూసుకుని, గొంతు ఎంత కిందికి దిగుతుందో అంత కిందికి దించి, వాళ్లతో పాటు పట్టాను. వాళ్లంత లోతుకి వెళ్లలేను, ఒక మెట్టు పైన ఉండిపోయాను, అయినా దవడలో తెలిసింది, పళ్లలో తెలిసింది. ఎంతసేపు పట్టానో, ఊపిరి అయిపోవస్తోంది, ఛాతీ మండుతోంది, ఇంకొంచెం, ఇంకొంచెం అని లాగాను, ఇక నావల్ల కాలేదు. ఆపేశాను. చప్పుడు తెగలేదు.